పురిటిగదిలో స్త్రీ మాట

గర్భిణి తన ప్రసవము ఏ విధముగ జరుగవలెనో ముందుగనే వ్రాసియిచ్చు పత్రమొకటి పాశ్చాత్య దేశములలో వాడుకలోనున్నది. 1980లో అమెరికాలో పెన్నీ సిమ్‌కిన్ మొదలైనవారు దీనిని ప్రచారమునకు తెచ్చిరి. వెంట ఎవరుండవలెను, నొప్పుల వేళ లేచి నడువవచ్చునా, ఏ మందు వలదు అను సంగతులు అందుండును.

సూర్యాపేట నుండి జనగామకు పోవు బాటలోని తిరుమలగిరి వంటి ఊళ్లలో వెనుక ఈ కాగితము లేదు గాని, ఏర్పాటు లేకపోలేదు. తొలికాన్పు పుట్టినింట. ప్రక్కన కన్నతల్లి. చేయి పట్టునది ఎరిగిన మంత్రసాని. అది స్వర్ణయుగమని మేమనము. బిడ్డ అడ్డము తిరిగినను, నెత్తురు కట్టకున్నను మంత్రసాని చేయగలిగినది స్వల్పము. ఆమె బ్రతుకును సుఖమైనది కాదు. నిజాము కాలపు నల్లగొండ జిల్లాలో వెట్టి సాగిన ఊళ్ల సేవకకులముల స్త్రీలకు గడీ పిలుపును కాదనుట పొసగని పని. 1946-51 నడుమ సాయుధ పోరాటములో తిరిగిన స్త్రీల కాన్పుల గోడు, 1986లో వెలువడిన ‘మనకు తెలియని మన చరిత్ర’లోని కెక్కినది. చరిత్రలో పురుటికి చోటు దొరకుటకు అంతకాలము పట్టినది!

పిమ్మట కాన్పు ఆస్పత్రికి తరలినది. 2005లో జననీ సురక్షా యోజన, 2017లో కేసీఆర్ కిట్ ఆ త్రోవను వెడల్పు చేసినవి. తెలంగాణలో లక్ష జననములకు తల్లుల మరణములు 2014-16లో 81 కాగా, 2018-20 నాటికి 43కు తగ్గినవి. ఇది చిన్న లాభము కాదు. అయితే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో నూటికి 97 కాన్పులు ఆస్పత్రులలో జరుగగా, 60.7 కోత కాన్పులని తేలినది. ప్రైవేటు ఆస్పత్రులలో 81.5, ప్రభుత్వపు వానిలో 44.5. ముహూర్తము పెట్టించి కోయించువారును కలరు. అదియు ఒక ప్రణాళికయే. కాకున్న అందు పురోహితుని అడుగుదురు, గర్భిణిని అడుగరు.

తృప్తి కలిగినదా యని బాలింతను ప్రశ్నించినచో ‘తల్లీ బిడ్డా క్షేమము’ అను మాటతో ఇంటిల్లిపాదియు బదులు చెప్పుదురు. ఆ మాట నిజమే. కసరిన నర్సు, చెప్పక పెట్టిన కోత, తలుపు వెలుపల నిలిచిన తల్లి ఆ మాట క్రింద పడిపోవును.

2017లో కేంద్ర ప్రభుత్వము ‘లక్ష్య’ కార్యక్రమమున ప్రసవపు గదిలో గౌరవమును, తోడు మనిషిని కోరినది. ఆ యేటనే కరీంనగర్‌లో నర్సులకు 18 నెలల మంత్రసాని విద్య మొదలైనది. నొప్పులు పడు స్త్రీని మంచమునకు కట్టివేయక నడిపించుట, ఆమెకు అనువైన తీరున కూర్చుండనిచ్చుట, చేయబోవునది ముందుగ చెప్పి అడుగుట అందు పాఠములు.