చెరిపిన ఉత్తరం చెరిగినదా?

తాటాకుపై గంటంతో గీసిన అక్షరాన్ని చెరపడం కష్టం. పలకమీది రాతను తడిగుడ్డతో తుడిచివేయవచ్చు. నిడమనూరు పాఠశాలలోని విద్యార్థి నేడు ఈ-మెయిలులో ఒక ఉత్తరాన్ని తొలగించి, అది పలకమీది రాతవలె మాయమైనదని తలచవచ్చు. ఈ తలపు ఎంతవరకు సరియైనదో ఈ-మెయిలు చరిత్రవలన తెలియగలదు.

1971లో అమెరికాలో రే టామ్లిన్‌సన్ నెట్‌వర్కు ద్వారా ఒక కంప్యూటరునుండి మరొకదానికి ఉత్తరం పంపినాడు. నాటి ఉత్తరాల పెట్టె అనగా ఒక ఫైలు మాత్రమే. కొత్త ఉత్తరం దాని చివర చేరేది. ఇతరులు దానిలో చేర్చగలరేగాని, చదువలేరు, మార్చలేరు. 1972లో లారీ రాబర్ట్స్ రాసిన 'ఆర్‌డి' అను ప్రోగ్రాముతో ఉత్తరాల పట్టిక చూచి, కోరినదాన్ని చదివి, అక్కరలేనిదాన్ని విడిగా తొలగించుటకు వీలు కలిగినది.

అయితే తొలగించుట ఒక్కసారిగా జరుగదు. మార్క్ క్రిస్పిన్ 1986లో రూపొందించిన 'ఐమాప్' పద్ధతిలో ఇది రెండు దశలు. మొదట ఉత్తరానికి 'తొలగించదగినది' అను గుర్తు మాత్రమే పడును. రెండవ ఆజ్ఞ ఇచ్చిన తరువాతనే అది పెట్టెనుండి పోవును. పొరపాటును దిద్దుకొనుటకు ఈ ఎడం అవసరం. ఆ పిమ్మటకూడ డిస్కుపై ఆ చోటు ఖాళీయని లెక్కలో చేరునేగాని అక్షరాలు వెంటనే చెరుగవు. దానిపై వేరొక సమాచారం పడేవరకు నిలిచియుండవచ్చు. పైగా కంప్యూటరు చెడినచో నష్టం కలుగకుండ నిర్వాహకులు వేరుగా నకళ్లు తీసి దాచెదరు.

అట్టి నకళ్లే ఒక రహస్యాన్ని బయటపెట్టినవి. ఇరానుకు ఆయుధాలు అమ్మి, ఆ సొమ్మును నికరాగ్వా తిరుగుబాటుదారులకు మళ్లించిన వ్యవహారం 1986 నవంబరులో వెల్లడియగుచుండగా, అమెరికా జాతీయ భద్రతా మండలిలోని జాన్ పాయిండెక్స్‌టర్ 5,000కు పైగా, ఆలివర్ నార్త్ 700కు పైగా సందేశాలను తొలగించినారు. కాని టేపులపై నకళ్లు మిగిలినవి. 1987లో టవర్ సంఘం తన నివేదికకు వాటిని వినియోగించినది. ఎవరు ఎవరికి ఎప్పుడు పంపినదను వివరాలు కాగితపు అచ్చులో రాకపోవచ్చును కాబట్టి, ప్రభుత్వ ఈ-మెయిలుకూడ రికార్డేనని 1993లో అక్కడి అప్పీలు న్యాయస్థానం తీర్పు చెప్పినది.

మన దేశంలో అదే సంవత్సరం వచ్చిన పబ్లిక్ రికార్డుల చట్టం, కంప్యూటరులో తయారైన సమాచారాన్నికూడ రికార్డుగా గుర్తించినది. నిడమనూరు ఒకప్పుడు చేరియుండిన నైజాం రాజ్యపు కాగితాలు, అంతకుముందరి షాజహాను కాలపు ఫార్సీ పత్రాలు హైదరాబాదు తార్నాకలోని పురాభిలేఖశాలలో నేటికీ ఉన్నవి. వాటిని చదివియే మనవారు ఆ కాలపు చరిత్రను రాయుచున్నారు. నేటి కార్యాలయాల ఉత్తరాలలో దేనిని తుడిచెదరో, దేనిని దాచెదరో, రేపటి చరిత్రకారునికి అంతమేరకే ఆధారం దొరుకును. విద్యార్థికూడ ఒక విషయం గుర్తించవలెను. అతడు చెరిపినది తన నకలు మాత్రమే. అందుకొన్నవారి పెట్టెలోని నకలు అతని చేతిలో లేదు.