సీడీలోని కోడెదూడ

2006 వేసవిలో ఒక సాయంకాలం మా ఇంటి కంప్యూటరు నల్లని తెర మీద తెల్లని అక్షరాలతో నాకొక ఆజ్ఞ జారీ చేసింది. బూట్ కావడం విఫలమైనది, సిస్టమ్ డిస్కు పెట్టి ఎంటర్ నొక్కుము అని దాని సారాంశం. డిస్కు అప్పటికే లోపల ఉన్నది! సీడీ డ్రైవు దీపం మిణుకుమిణుకుమంటున్నది, బిళ్ళ తిరుగుతున్న చప్పుడూ వినబడుతున్నది. అయినా యంత్రం డిస్కు పెట్టుమనే అంటున్నది.

ఆ యంత్రం కడుపులో, ఆరేళ్ళు పల్లెలు తిరిగి నేను కూర్చుకొన్న సేద్యపు మాటల పట్టిక ఉన్నది. మేడి, నొగ, కర్రు, గొర్రు, గుంటక, ఏతం – ఒక్కొక్క పనిముట్టుకు ఊరూరా మారే పేర్లు. రెండవ ప్రతి లేదు. ఆ మాటలు చెప్పిన పెద్దలలో కొందరు అప్పటికే కాలం చేశారు. హార్డ్ డిస్కులోని విండోస్ చెడిపోయింది కనుక సీడీతో యంత్రాన్ని లేపి పట్టికను బయటికి తెచ్చుకోవాలి. ఆ సీడీయేమో లేపదు. ఎందుకు లేపదో తెలుసుకొనే ప్రయత్నంలోనే ఈ చరిత్ర నాకు పరిచయమైంది.

కంప్యూటరు ఏ పని చేయాలన్నా దాని స్మృతిలో ఒక ప్రోగ్రాము ఉండాలి. విద్యుత్తు ఆగితే ఆ స్మృతి తుడిచిపెట్టుకొనిపోతుంది. మళ్ళీ మీట నొక్కినప్పుడు డిస్కు మీది ప్రోగ్రామును స్మృతిలోకి తేవాలి. తెచ్చేది కూడా ఒక ప్రోగ్రామే. మరి దానిని తెచ్చేదెవరు? మన తార్కికులు వింటే అనవస్థా దోషమని కొట్టివేసేవారు. ఎంత నేర్చినవాడైనా తన భుజం తానెక్కలేడని వారు చెప్పిన మాటనే ఆంగ్లేయులు మరొక విధంగా చెప్పుకొన్నారు: తన బూటు పట్టీని పట్టుకొని తన్ను తాను పైకెత్తుకోవడం అని. ఆ పట్టీయే బూట్‌స్ట్రాప్. 1950లలో ఇంజనీర్లు ఈ అసాధ్యకార్యానికి హాస్యంగా ఆ పేరు పెట్టారు. అదే కురచబడి ‘బూట్’ అయింది. కంప్యూటరుకు చెప్పులేమిటని చాలాకాలం ఆశ్చర్యపడినవాడిని నేను.

దోషపరిహారం ఏమిటంటే, మొదటి మెట్టును మిక్కిలి చిన్నదిగా చేసి దానిని యంత్రం బయట నుండి అందించడం. 1952 నాటి ఐబీఎం 701 యంత్రానికి ‘లోడ్’ అనే మీట ఉండేది. దానిని నొక్కితే చిల్లుల అట్ట నుండి మొదటి పదం మాత్రమే స్మృతిలోకి వచ్చేది. అందులోని ఆదేశాలు తక్కినవాటిని పిలుచుకొనేవి. 1975లో వచ్చిన ఆల్టెయిర్ 8800కు ఆ సదుపాయమూ లేదు. ముందుపలక మీది మీటలను పైకీ క్రిందికీ వేస్తూ మనిషే ఆ మొదటి ఆదేశాలను ఎక్కించాలి. బేసిక్ భాషను ఆ యంత్రంలో ప్రదర్శించడానికి ఆల్బుకర్కీకి విమానంలో వెళుతున్న పాల్ ఆలెన్‌కు, కాగితపు టేపు నుండి దానిని చదివించే తొలి ప్రోగ్రామే వ్రాయలేదన్న సంగతి దారిలో జ్ఞాపకం వచ్చింది. దిగేలోగా వ్రాసి ముగించాడు. అది మరచిపోయి ఉంటే మైక్రోసాఫ్ట్ కథ ఎట్లా నడిచేదో!

1981 ఆగస్టులో ఐబీఎం పీసీ వచ్చింది. మొదటి మెట్టును చెరగని చిప్‌లో అచ్చుపోసి దానికి బయోస్ అని పేరు పెట్టారు. అది ఫ్లాపీలోని మొదటి గడిని, అంటే కేవలం 512 బైట్లను స్మృతిలోకి తెచ్చి పగ్గాలు దానికి అప్పగించి తాను తప్పుకొంటుంది. 1983లో పీసీ ఎక్స్‌టీతో హార్డ్ డిస్కు వచ్చాక, ముందు ఫ్లాపీని చూడు, లేకుంటే హార్డ్ డిస్కును చూడు అనే వరుస స్థిరపడింది. ఈ వరుసలో ఒక ప్రమాదం ఉన్నది. ఫ్లాపీ తెచ్చిన 512 బైట్లు మంచివో చెడ్డవో బయోస్ అడగదు. 1986లో లాహోరుకు చెందిన అన్నదమ్ములు వదలిన బ్రెయిన్ వైరస్ సరిగ్గా ఆ మొదటి గడిలోనే కాపురం పెట్టింది. ఫ్లాపీని డ్రైవులో మరచిపోయి మీట నొక్కితే చాలు, అది యంత్రంలోకి వచ్చేసేది. అప్పటి నుండి తెలిసినవాళ్ళు ఈ వరుసను తిరగవేసి హార్డ్ డిస్కును ముందు పెట్టుకోసాగారు.

ఇక సీడీ. దాని మీద దస్త్రాలు అమర్చే పద్ధతికి ఐఎస్ఓ 9660 ప్రమాణం 1988లోనే వచ్చింది. వందల ఫ్లాపీలలో పట్టేది ఒక్క బిళ్ళలో పట్టింది. కాని బయోస్‌కు సీడీ అంటే ఏమిటో తెలియదు. డాస్ లేచి, డ్రైవు నడిపే ప్రోగ్రామును, దానికి తోడు ఎంఎస్‌సీడీఈఎక్స్ అనే మరొకదానిని ఎక్కించిన తరువాతనే సీడీ కనబడుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ సీడీలో ఉన్నది, సీడీ కనబడాలంటే ఆపరేటింగ్ సిస్టమ్ కావాలి. పెట్టెకు తాళం వేసి చెవి పెట్టెలోనే వదలిన చందం! విండోస్ 95ను కొత్త యంత్రంలో స్థాపించేటప్పుడు సీడీ పక్కన ఒక ఫ్లాపీ అవసరమైంది ఇందుకే.

ఈ చిక్కును విప్పినది 1995 జనవరిలో ఫీనిక్స్, ఐబీఎం సంస్థల ఇంజనీర్లు ప్రకటించిన ప్రమాణం. దాని పేరు ఎల్ టోరిటో. కాలిఫోర్నియాలో ఆ పేరుగల భోజనశాలలో ఊహ రూపు దిద్దుకొన్నదని చెబుతారు. స్పానిష్ భాషలో ఆ మాటకు అర్థం చిన్న ఎద్దు, అంటే మన కోడెదూడ. సేద్యపు మాటలు ఏరుకొనేవాడికి ఇంతకంటె ప్రీతికరమైన పేరు ఉంటుందా?

దాని పనితనం ముచ్చటైనది. సీడీలో 2048 బైట్ల గడులుంటాయి. సున్నా నుండి లెక్కిస్తే 17వ గడిలో ఈ ప్రమాణం పేరు వ్రాసి, బూట్ పట్టిక ఎక్కడున్నదో చూపుతారు. ఆ పట్టిక, లేపవలసిన ప్రోగ్రాము చోటు చెబుతుంది. ఫ్లాపీలు తప్ప ఎరుగని పాత లోకం కోసం మరొక ఉపాయం కూడా చేశారు: సీడీలోని ఒక ముక్క 1.44 ఎం.బి. ఫ్లాపీ వేషం కట్టి నిలబడుతుంది. బయోస్ ఆ పగటివేషాన్ని నిజమైన ఫ్లాపీ అనుకొని లేపుతుంది.

మా యంత్రంలో రెండు దోషాలు ఒకదాని వెనుక ఒకటి దాగి ఉన్నాయి. మొదటిది నాణెమంత బ్యాటరీ. 1984 నాటి పీసీ ఏటీ కాలం నుండి తేదీని, ఇతర అమరికలను కంప్యూటరు ఒక చిన్న బ్యాటరీ బలంతో గుర్తుంచుకొంటున్నది. మాది నీరసించింది. తెర మీద తేదీ నాలుగేళ్ళు వెనుకబడి ఉండడం నేను చూచి కూడా పట్టించుకోలేదు. అమరికలు చెరిగి, ఫ్లాపీ, హార్డ్ డిస్కు మాత్రమే ఉన్న పాత వరుస తిరిగి వచ్చింది. యంత్రం సీడీ వంక చూడనే లేదు. సీఆర్ 2032 బ్యాటరీ మార్చి, డిలీట్ మీట నొక్కి బయోస్‌లోకి వెళ్ళి సీడీని మొదటి స్థానంలో పెట్టాను. అయినా లేవలేదు!

రెండవ దోషం సీడీలోనే ఉన్నది. ఒక పరిచయస్థుడు ఇచ్చిన ఆ బిళ్ళను పొరుగువారి కంప్యూటరులో తెరిస్తే ఒకే ఒక పెద్ద ఐఎస్ఓ దస్త్రం కనబడింది. అది సీడీ మొత్తానికి ప్రతిబింబం. దానిని బిళ్ళ మీద గడి గడిగా పరచాలి కాని, సాధారణ దస్త్రంలాగా కాపీ చేయకూడదు. అట్లా చేస్తే 17వ గడి ఉండవలసిన చోట ఉండదు. గ్రంథాన్ని చేతికివ్వక పార్సిలు విప్పకుండా బీరువాలో పెట్టినట్లయింది.

ఒక పూర్వవిద్యార్థి నాపిక్స్ సీడీ సరిగా వ్రాసి తెచ్చాడు. జర్మనీవాసి క్లాస్ నాపర్ 2000 సంవత్సరంలో మొదలుపెట్టిన లినక్స్ అది. హార్డ్ డిస్కును తాకకుండా సీడీ నుండి, స్మృతి నుండి నడుస్తుంది. 700 ఎం.బి. బిళ్ళలో దాదాపు రెండు జీ.బి. సామగ్రిని కుదించి ఇమిడ్చాడాయన. అయిదు నిమిషాలలో తెర వెలిగింది. పట్టిక క్షేమంగా ఉన్నది. “పెన్ డ్రైవులోకి కాపీ చేశాను మాస్టారూ, ఇంకొకటి కూడా చేసి వేరే చోట పెట్టండి” అన్నాడు. పాఠం చెప్పడం వాడి వంతయింది.

తరువాతి కథ వేగంగా నడిచింది. బయోస్ స్థానంలోకి యూఈఎఫ్ఐ వచ్చింది. 2012లో విండోస్ 8తో సెక్యూర్ బూట్ వచ్చింది. సంతకం సరిపోని ప్రోగ్రామును అది లేపదు. బ్రెయిన్ వంటి దొంగలను ఆపడానికి అది అవసరమే, కాదనను. కాని ఎవరి సంతకం చెల్లుతుందో కర్మాగారంలోనే నిర్ణయమై వస్తున్నది. మునుపు డిలీట్ మీట వెనుక ఉన్న తాళపుచెవి ఇంటి యజమానిది. ఇప్పుడు చాలా యంత్రాలలో దానిని ఆపే వీలున్నా, ఆ మాట యజమానికి చెప్పేవారు లేరు. ఇది నాకు నచ్చని మార్పు.

ఆ నాపిక్స్ బిళ్ళను ఇటీవల మనవడి ల్యాప్‌టాప్‌కు బయటి డ్రైవు తగిలించి పెట్టి చూశాను. దానికి తెలిసిన పాత బయోస్ ఈ యంత్రంలో లేదు, లేవలేదు. వాడు కొత్త లినక్స్‌ను దించుకొని పెన్ డ్రైవు మీద వ్రాశాడు. వెంటనే లేచింది. కుతూహలం కొద్దీ ఆ ఐఎస్ఓ దస్త్రంలోని 17వ గడిని తెరిపించి చూశాను. కోడెదూడ అక్కడే ఉన్నది.