కోనసీమలో గర్భకాల మధుమేహం

గర్భం దాల్చిన తరువాత మొదటిసారిగా బయటపడే మధుమేహాన్ని గర్భకాల మధుమేహం లేదా జెస్టేషనల్ డయాబెటిస్ అంటారు. వాడుకలో దీనిని "కడుపుతో ఉన్నప్పుడు వచ్చే షుగరు" అంటారు. కాన్పు అయిన తరువాత చాలామందిలో రక్తంలోని చక్కెర మామూలు స్థితికి వస్తుంది. అయితే తల్లికి ఆ తరువాతి సంవత్సరాలలో శాశ్వత మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువవుతుంది. గర్భానికి ముందే మధుమేహం ఉన్న స్త్రీల పరిస్థితి దీనికి భిన్నమైనది. వారిలో మొదటి వారాలలోనే చక్కెర హెచ్చుగా ఉండటం వలన శిశువు అవయవ నిర్మాణంలో లోపాలు ఏర్పడే ప్రమాదం ఉన్నది. గర్భకాల మధుమేహం సాధారణంగా అవయవాలు ఏర్పడిన తరువాత వస్తుంది కనుక ఆ భయం తక్కువ.

గోదావరి నదీపాయలైన గౌతమి, వసిష్ఠల నడుమ, బంగాళాఖాతం ఒడ్డున ఉన్న కోనసీమ వరి, కొబ్బరి, అరటి పంటలకు ప్రసిద్ధి. అమలాపురం, రాజోలు, కొత్తపేట ఇక్కడి ముఖ్య పట్టణాలు. పూర్వం తూర్పు గోదావరి జిల్లాలో భాగమైన ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ 4న ప్రత్యేక జిల్లా అయినది. అదే సంవత్సరంలో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అని పేరు పెట్టారు. మధుమేహం పట్టణవాసుల జబ్బు అన్న అభిప్రాయం ఈ డెల్టా విషయంలో నిజం కాదు. ఉభయ గోదావరి జిల్లాలలోని 20 గ్రామాలలో జరిపిన సర్వే ఫలితాలు 2006లో డయాబెటిస్ కేర్ పత్రికలో వెలువడినాయి. 30 ఏళ్ళు దాటినవారిలో సుమారు 13 శాతం మందికి మధుమేహం ఉన్నట్లు అందులో తేలినది. తల్లిదండ్రులలో ఈ వ్యాధి ఉన్నపుడు కుమార్తెకు గర్భకాలంలో ఇది వచ్చే అవకాశం పెరుగుతుంది కనుక ఈ అంకె గర్భిణులకు కూడా సంబంధించినదే.

ఎందుకు వస్తుంది

గర్భం పెరిగే కొద్దీ మాయ (జరాయువు) నుండి వెలువడే కొన్ని హార్మోనులు తల్లి శరీరంలో ఇన్సులిన్ పనితీరును మందగింపజేస్తాయి. ఇది ప్రకృతి సహజమైన ఏర్పాటు. తల్లి కణాలు చక్కెరను త్వరగా వాడుకోకుండా ఉంటే శిశువుకు ఆహారం సమృద్ధిగా అందుతుంది. ఆరోగ్యవంతురాలైన స్త్రీలో క్లోమగ్రంథి అదనంగా ఇన్సులిన్ తయారుచేసి ఈ లోటును పూడ్చుతుంది. అలా పూడ్చలేనప్పుడు రక్తంలో చక్కెర పెరుగుతుంది. అందుచేత ఇది ఎక్కువగా ఐదో నెల దాటిన తరువాత కనిపిస్తుంది. మిఠాయిలు తినడం వలననే వచ్చిందని గర్భిణిని నిందించడం శాస్త్రసమ్మతం కాదు. ఇంట్లో అత్తగారు, పుట్టింట్లో తల్లి ఒకరినొకరు తప్పుపట్టుకొనడం, అమ్మాయికి షుగరు ఉందని బంధువులకు తెలియకుండా దాచడం వైద్యానికి ఆటంకాలే.

కుటుంబంలో మధుమేహం, అధిక బరువు, 25 ఏళ్ళు దాటిన వయసు, ముందు కాన్పులో పెద్ద బిడ్డ పుట్టడం, కారణం తెలియని గర్భస్రావాలు, అండాశయాలలో నీటితిత్తులు ఉండటం ఈ వ్యాధి అవకాశాన్ని పెంచుతాయి. ఇవేవీ లేని సన్నని స్త్రీలలో కూడా ఇది రావచ్చు. భారతీయ స్త్రీలు జాతిరీత్యానే ప్రమాదం ఎక్కువ ఉన్నవారు. తమిళనాడులో జరిగిన ఒక అధ్యయనంలో (2008) నగరాలలో 17.8 శాతం, చిన్న పట్టణాలలో 13.8 శాతం, గ్రామాలలో 9.9 శాతం గర్భిణులకు ఈ వ్యాధి కనిపించినది.

తల్లి రక్తంలోని చక్కెర మాయ గుండా శిశువుకు చేరుతుంది, కాని తల్లి ఇన్సులిన్ చేరదు. వచ్చి పడుతున్న చక్కెరను సరిచేయడానికి శిశువు క్లోమం తానే అధికంగా ఇన్సులిన్ తయారుచేస్తుంది. డెన్మార్క్ వైద్యుడు పెడర్సన్ ప్రతిపాదించిన ఈ వివరణ నేటికీ ఆధారంగా ఉన్నది. ఫలితంగా శిశువు కొవ్వు పట్టి బరువెక్కుతుంది, కాన్పులో భుజాలు ఇరుక్కునే ప్రమాదం ఏర్పడుతుంది. బొడ్డుతాడు కోసిన వెంటనే చక్కెర రాక ఆగిపోతుంది, ఇన్సులిన్ మాత్రం మిగిలే ఉంటుంది. అందువలన బిడ్డకు చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చు. తల్లికి రక్తపోటు, ఉమ్మనీరు ఎక్కువవడం, శస్త్రచికిత్స అవసరం పడటం వంటి చిక్కులు ఉన్నాయి. కనుక "బిడ్డ బొద్దుగా పుట్టింది" అన్నది అన్నివేళలా సంతోషించదగిన వార్త కాదు.

నిర్ధారణ

ఈ వ్యాధికి చాలామందిలో లక్షణాలు ఉండవు. అతిదాహం, అతిమూత్రం వంటివి ఉన్నా గర్భం వలననే అనుకొనడం సహజం. కాబట్టి పరీక్ష ఒక్కటే మార్గం. 1964లో బోస్టన్‌లో ఓ'సల్లివాన్, మహాన్ మొదటి ప్రమాణాలను రూపొందించారు. 2008లో వెలువడిన హాపో అనే అంతర్జాతీయ అధ్యయనం తల్లి చక్కెర కొద్దిగా పెరిగినా శిశువుకు ప్రమాదం క్రమంగా పెరుగుతుందని నిరూపించినది.

భారతదేశంలో చెన్నై వైద్యుడు వి. శేషయ్య ప్రచారం చేసిన ఒకే దఫా పరీక్ష వాడుకలో ఉన్నది. ఆయన పుట్టినరోజైన మార్చి 10ని గర్భకాల మధుమేహ అవగాహన దినంగా జరుపుతారు. ఆయనకు 2022లో పద్మశ్రీ లభించినది. ఈ పద్ధతిలో గర్భిణి పరగడుపున రావలసిన అవసరం లేదు. 75 గ్రాముల గ్లూకోజును సుమారు 300 మిల్లీలీటర్ల నీటిలో కలిపి ఐదు పది నిమిషాలలో త్రాగించి, రెండు గంటల తరువాత రక్తం పరీక్షిస్తారు. డెసిలీటరుకు 140 మిల్లీగ్రాములు లేదా అంతకంటె ఎక్కువ ఉంటే వ్యాధి ఉన్నట్లు లెక్క. త్రాగిన అరగంటలోపు వాంతి అయితే మరునాడు మళ్ళీ చేయాలి. దూరపు లంక గ్రామం నుండి పడవ దాటి వచ్చే గర్భిణిని ఉపవాసంతో మళ్ళీ రమ్మని పంపితే ఆమె తిరిగి రాకపోవచ్చు. ఈ పద్ధతిని ఎంచుకొనడానికి గల ముఖ్యకారణం ఇటువంటిదే.

కేంద్ర ఆరోగ్య శాఖ 2014లో విడుదల చేసి 2018లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం గర్భిణులందరికీ మొదటిసారి నమోదు అయినపుడు ఒకసారి, 24-28 వారాల మధ్య మరొకసారి ఈ పరీక్ష జరగాలి. ఈ రెండవ పరీక్ష సరిగ్గా ఆరు, ఏడు నెలల కాలంలో పడుతుంది. తొలి కాన్పుకు ఏడో నెలలో పుట్టింటికి తీసుకువెళ్ళే ఆచారం ఉన్న కుటుంబాలలో ఈ పరీక్ష తప్పిపోయే అవకాశం ఉన్నది. అత్తవారి ఊరి ఆరోగ్య కార్యకర్త పుట్టింట్లో చేయిస్తారనుకుంటుంది, పుట్టింటి ఊరి కార్యకర్తకు ఈమె వచ్చినట్లే తెలియదు. ప్రయాణానికి ముందే పరీక్ష చేయించుకొని, తల్లీబిడ్డల కార్డును వెంట తీసుకువెళ్ళి, చేరిన ఊరి ఆశా కార్యకర్తకు లేక ఏ.ఎన్.ఎం.కు చూపించడం ఉత్తమం. 2016లో ప్రారంభమైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ క్రింద ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు జరుగుతాయి.

ఆహార నియమాలు

వ్యాధి నిర్ధారణ అయిన వారిలో ఎక్కువమందికి ఆహారంలో మార్పులు, నడక సరిపోతాయి. మందు అవసరమా కాదా అన్నది రెండు వారాలు ఇలా పాటించిన తరువాతనే తేలుస్తారు. ఇక్కడ ముఖ్యంగా గుర్తించవలసినది, ఇది బరువు తగ్గే పథ్యం కాదు. అన్నం మానివేసి పస్తులుండటం శిశువుకు హాని. "ఇద్దరి తిండి తినాలి" అన్న పెద్దల మాట, "ఏమీ తినకూడదు" అన్న భయం రెండూ సరికావు. మూడు పూటల భోజనాన్ని తగ్గించి, మధ్యలో రెండు మూడు సార్లు కొద్దిగా తినడం పద్ధతి.

కోనసీమలో అసలు సమస్య అన్నం. మూడు పూటలా అన్నమే తినే ఇళ్ళు, ఉదయం ఇడ్లీ తిన్నా అదీ బియ్యమే అయిన ఇళ్ళు అనేకం. అన్నం మానవలసిన పని లేదు, పళ్ళెంలో దాని వాటా తగ్గించాలి. పళ్ళెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పావువంతు పప్పు, చేప లేక గ్రుడ్డు, మిగిలిన పావువంతు అన్నం అనుకుంటే లెక్క సులభం. బియ్యపు రకాల మధ్య తేడా ఉన్నది. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 2012లో 235 రకాల బియ్యపు గ్లైసీమిక్ సూచికలను వెల్లడించగా అవి 48 నుండి 92 వరకు ఉన్నాయి. పశ్చిమ గోదావరిలోని మారుటేరు పరిశోధన కేంద్రంలో రూపొంది 1982లో విడుదలైన స్వర్ణ (ఎం.టి.యు. 7029) తక్కువ సూచిక గల రకాలలో ఒకటిగా తేలినది. దీని జనక రకాలలో ఒకదాని పేరు వసిష్ఠ కావడం విశేషం. డెల్టా రైతు పండించే స్వర్ణను "దుడ్డు బియ్యం" అని తక్కువగా చూసి సన్నబియ్యం కొనుక్కొనే ఇంటివారికి ఇది ఆలోచించదగిన విషయం. ఐతే ఎక్కువ పట్టు పట్టిన స్వర్ణను రెండింతలు తింటే ఏ ఉపయోగమూ ఉండదు.

ఉదయం పూట ఇన్సులిన్ పనితీరు మరింత మందంగా ఉంటుంది కనుక అల్పాహారం విషయంలో జాగ్రత్త అవసరం. ఇడ్లీలు, ఉప్మా కంటె పెసరట్టు మేలు. పప్పు కావడం వలన అందులో మాంసకృత్తులు, పీచు ఎక్కువ. కంద-బచ్చలి, పనసపొట్టు, తోటకూర, గోంగూర, ములక్కాడ కూరలు బాగున్నవే. కంద, అరటికాయలలో పిండిపదార్థం ఉన్నది కాబట్టి ఆ పూట అన్నం ఇంకొంచెం తగ్గించాలి. కొబ్బరికోరులో చక్కెర తక్కువే కాని కొవ్వు ఎక్కువ. చేపలు పులుసుగా తినవచ్చు. వేపుడు తగ్గించడం మంచిది.

పండ్ల విషయంలో ఇక్కడి వారికి కష్టం. పెరటిలో గెల పండుతుంటే చక్కెరకేళి వద్దనడం సాధ్యం కాదు. చిన్న పండులో సగం, భోజనంతో కాక రెండు భోజనాల నడుమ తినవచ్చు. జామ, బొప్పాయి వంటివి ఇంతకంటె నయం (పండిన బొప్పాయి గర్భిణులు తినరాదన్న నమ్మకం ఉన్నచోట జామతో సరిపెట్టవచ్చు). బాగా పండిన పనస తొనలు, మామిడి రసం, పండ్లరసాలు దూరంగా ఉంచాలి. "చలవ చేస్తుంది" అని రోజుకు రెండు మూడు బొండాలు త్రాగించడం పొరపాటు. ఒక్కో బొండంలో సుమారు పది గ్రాముల వరకు చక్కెర ఉండవచ్చు. బెల్లం, తాటిబెల్లం, తేనె పంచదార కంటె సురక్షితమన్నది అపోహ. ఈ కారణంగా 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకులు బెల్లంతో చేసినా పంచదారతో చేసినా ఒకటే.

వేడుకలు ఇంకొక చిక్కు. కడుపు చలవకని పుట్టింటివారు తెచ్చే చలిమిడి, సీమంతంలో ఒడి నింపే మిఠాయిలు సరిగ్గా చక్కెర పెరిగే నెలలలోనే వస్తాయి. వేడుక మానవలసిన అవసరం లేదు. చలిమిడి ఒక ముద్ద నోట పెట్టి మిగిలినది ముత్తయిదువులకు పంచడం సంప్రదాయానికి విరుద్ధం కాదు. శ్రావణ, కార్తిక మాసాల ఉపవాసాలు మాత్రం ఆ సంవత్సరానికి ఆపాలి, ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకొనేవారు.

ప్రతి భోజనం తరువాత పది పదిహేను నిమిషాలు, రోజుకు మొత్తం అరగంట నడవడం వలన భోజనానంతర చక్కెర తగ్గుతుంది. వానాకాలంలో కాలువగట్లు బురదగా ఉంటాయి కనుక జారిపడకుండా వరండాలోనో మేడపైనో నడవడం మేలు.

చికిత్స

పరగడుపున 95, భోజనం తరువాత రెండు గంటలకు 120 మిల్లీగ్రాముల లోపు ఉంచడం లక్ష్యం. రెండు వారాల పథ్యం తరువాత కూడా 120 లేదా అంతకు మించితే మందు మొదలుపెడతారు. 20 వారాలు దాటినవారికి మెట్‌ఫార్మిన్ ఇవ్వవచ్చు, దానితో అదుపు కాకపోతే ఇన్సులిన్ ఇస్తారు. "ఇన్సులిన్ మొదలుపెడితే జీవితాంతం తప్పదు" అన్న భయం వలన చాలామంది వెనుకాడుతారు. గర్భకాల మధుమేహంలో కాన్పు అయిన వెంటనే సాధారణంగా దానిని ఆపివేస్తారు.

ఇన్సులిన్‌ను 2-8 డిగ్రీల మధ్య దాచాలి, గడ్డకట్టనివ్వరాదు. 2022 జులైలో గోదావరి వరదకు లంక గ్రామాలు నీట మునిగినట్లు, వరదకాలంలో విద్యుత్తు రోజుల తరబడి లేకపోవచ్చు. అప్పుడు సీసాను నీరు చొరబడని సంచిలో కట్టి నీళ్ళున్న మట్టికుండలో ఉంచుతారు. వాడుతున్న సీసా గది ఉష్ణోగ్రత వద్ద సుమారు నాలుగు వారాలు పనిచేస్తుంది. నెలలు నిండినవారు వరద హెచ్చరిక రాగానే గట్టు మీది ఊరికి లేదా పట్టణానికి చేరడం క్షేమకరం. వణుకు, చెమటలు, గుండెదడ కనిపిస్తే చక్కెర పడిపోయినట్లు. వెంటనే మూడు చెంచాల గ్లూకోజు లేక పంచదార నీటిలో కలిపి ఇవ్వాలి. మిఠాయిలు నిషేధించిన ఇంట్లో కూడా పంచదార డబ్బా అందుబాటులో ఉండాలి.

కాన్పు ఆసుపత్రిలోనే జరగాలి. అమలాపురం, రాజోలు, కొత్తపేటలలో ప్రభుత్వ ఆసుపత్రులు, అమలాపురంలో కిమ్స్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నాయి. క్లిష్టమైన సందర్భాలలో కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి పంపుతారు. చక్కెర అదుపులో ఉన్నంత మాత్రాన శస్త్రచికిత్స చేయనవసరం లేదు. 39-40 వారాల వరకు సహజ కాన్పుకు వేచి ఉండవచ్చు.

కాన్పు తరువాత

బిడ్డకు గంటలోపు ముర్రుపాలు పట్టడం అన్నిటికంటె ముఖ్యం. చక్కెర పడిపోకుండా అదే కాపాడుతుంది. తేనె, ఆముదం, పంచదార నీళ్ళు నాకించే ఆచారం ఇటువంటి బిడ్డలకు మరీ ప్రమాదకరం. బాలింతకు పెట్టే నెయ్యి, బెల్లం కలిసిన కాయం మితంగా ఉండాలి.

ఆరు వారాలకు తల్లికి పరగడుపున, 75 గ్రాముల గ్లూకోజు తరువాత మళ్ళీ పరీక్ష చేయాలి. రెండు గంటలకు 140 లోపు ఉంటే మామూలు, 200 లేదా అంతకు మించితే మధుమేహం, మధ్యలో ఉంటే ముందుదశ. అందరూ మరచిపోయేది ఈ పరీక్షనే. బిడ్డకు ఒకటిన్నర నెల టీకా కూడా ఆ వారంలోనే ఉంటుంది కనుక ఒకే ప్రయాణంలో రెండూ పూర్తిచేయవచ్చు. ఆ తరువాత ఏడాదికొకసారి పరీక్షించుకోవాలి. ఈ వ్యాధి వచ్చిన స్త్రీలకు తరువాత మధుమేహం వచ్చే అవకాశం ఇతరులకంటె ఏడు రెట్లని 2009లో లాన్సెట్‌లో, సుమారు పది రెట్లని 2020లో బి.ఎం.జె.లో వెలువడిన సమీక్షలు తెలిపినాయి. వీరి పిల్లలకు కూడా స్థూలకాయం, మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువ. తల్లిపాలు ఇవ్వడం, బరువు తగ్గడం తల్లికి ఈ ప్రమాదాన్ని తగ్గిస్తాయి. మరల గర్భం దాల్చితే మొదటి నెలలోనే పరీక్ష చేయించుకొని, ముందు కాన్పులో షుగరు వచ్చిన సంగతి వైద్యులకు చెప్పాలి.