నక్షత్రాల నడుమ నెలవారీ కిస్తీ

1977 మే 25న అమెరికా థియేటర్లలో ‘స్టార్ వార్స్’ విడుదలైంది. రెండు నెలలు తిరక్కముందే, జులైలో ‘ఆరిజిన్స్’ అనే ఆటల సంతలో గేమ్ డిజైనర్స్ వర్క్‌షాప్ అనే చిన్న సంస్థ ఒక పెట్టెను అమ్మకానికి పెట్టింది. లోపల నల్ల అట్టల పుస్తకాలు మూడు, చేతి డైరీ సైజులో, ఒక్కోటి యాభై పేజీల లోపు. మూత మీద రాకెట్ లేదు, గ్రహాంతరవాసి లేడు; ఆపదలో చిక్కిన ఒక సరుకు ఓడ సాయం కోసం పంపిన రేడియో సందేశమే గానీ బొమ్మంటూ ఏదీ లేదు. ఆట పేరు ‘ట్రావెలర్’. సైన్స్ ఫిక్షన్‌లో ఇదే మొదటి రోల్‌ప్లేయింగ్ గేమ్ కాదు. జేమ్స్ వార్డ్ రాసిన ‘మెటమార్ఫసిస్ ఆల్ఫా’ 1976లోనే వచ్చింది. అయినా ఇన్నేళ్లుగా ఎడిషన్ మీద ఎడిషన్ వేయించుకుంటూ నిలిచింది ట్రావెలరే. కారణం లేజర్ తుపాకులు కాదు, గ్రహాల వర్ణనలూ కావు. నన్నడిగితే, ఆ ఆటను నిలబెట్టింది అప్పు.

ఈ తరహా ఆటలు తెలియనివారికి రెండు ముక్కలు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు రిఫరీ, మిగతావాళ్లు తలా ఒక పాత్ర. రిఫరీ పరిస్థితి చెబుతాడు, ఆటగాళ్లు తామేం చేస్తారో చెబుతారు, ఫలితం అనుమానంగా ఉన్నచోట పాచికలు వేస్తారు. 1974లో వచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఈ పద్ధతిని జనంలోకి తెచ్చింది. అందులో రాక్షసుణ్ని చంపితే అనుభవం పాయింట్లు, పాయింట్లు పోగైతే పై మెట్టు, మెట్టెక్కితే కొత్త బలం. ట్రావెలర్ రూపకర్త మార్క్ మిల్లర్, ఆయనకు తోడ్పడిన ఫ్రాంక్ చాడ్విక్, లోరెన్ వైజ్‌మన్, జాన్ హర్ష్‌మన్ ఆ నిచ్చెనను తీసి పక్కన పెట్టారు. ఇక్కడ సాహసాలు చేసినంత మాత్రాన పాత్ర బలపడదు. కొత్త విద్య కావాలంటే ఏళ్ల తరబడి కూర్చుని నేర్చుకోవాలి. మెట్లు లేనప్పుడు ఆటగాణ్ని ముందుకు నడిపేదేమిటి? డిజైన్ మొత్తం ఈ ప్రశ్న మీదే నిలబడింది. దానికి వాళ్లిచ్చిన జవాబు రెండు భాగాలు: పాత్ర వెనక ఒక జీవితం, పాత్ర ముందు ఒక బాకీ.

జీవితం సంగతి ముందు చూద్దాం. పాత్రకు పద్దెనిమిదేళ్లు. నౌకాదళం, మెరైన్లు, సైన్యం, స్కౌట్లు, వాణిజ్య నౌకలు, ‘ఇతరులు’ అనే ఆరింటిలో ఒక కొలువులో చేరాలి. నాలుగేళ్లకు ఒక విడత. విడత విడతకీ కొన్ని నైపుణ్యాలు వస్తాయి, బయటపడేటప్పుడు కొంత డబ్బో వస్తువో చేతికందుతుంది. స్కౌట్లకు అదృష్టం బాగుంటే ఏకంగా చిన్న ఓడే దక్కుతుంది. అయితే ప్రతి విడతలోనూ ప్రాణం నిలిచిందా లేదా అని రెండు పాచికలు వేసి తేల్చాలి. స్కౌట్లకు ఏడు గానీ అంతకు మించి గానీ పడాలి. ముప్ఫై ఆరు వంతుల్లో ఇరవై ఒకటి అనుకూలం, పదిహేను చావు. దేహదారుఢ్యం తక్కువైన మనిషి నాలుగు విడతలు గట్టెక్కే అవకాశం నూటికి పన్నెండు కూడా లేదు. పడకపోతే ఆట మొదలుకాకముందే పాత్ర చచ్చిపోతుంది. మళ్లీ మొదటినుంచి రావాలి. మన వైకుంఠపాళిలోనూ పెద్దపాము ఉంది, కానీ అక్కడ పాచిక ఎటు లాగితే కాయ అటు పోతుంది, ఆడేవాడు నిర్ణయించేదేమీ లేదు. ఇక్కడ విడత ముగిసేసరికి ‘చాలు, దిగిపోతాను’ అనవచ్చు. ఇరవై ఆరేళ్లకే దిగితే చేతిలో పనితనం తక్కువ. ముప్ఫై నాలుగు నిండితే ముసలితనం పాచికలు కూడా మొదలవుతాయి. ఇంకో విడత ఉందామా వద్దా అనే ఆశే పాముగా కాటేస్తుంది.

ఆడకముందే చంపే ఆట ఏమిటని అప్పట్నుంచీ వెక్కిరింత ఉంది. వెక్కిరింతలో న్యాయం లేకపోలేదు. అరగంట కష్టపడి తయారుచేసుకున్న మనిషి పెన్సిలు పక్కన పెట్టకముందే పోతే ఎవరికైనా చిరాకే. కానీ 1981లో సవరించిన ప్రతి వేసినప్పుడు వాళ్లు ఏం చేశారన్నది గమనించాలి. పాచిక తప్పితే చావుకు బదులు గాయపడి, సగం విడతకే కొలువు నుంచి బయటపడవచ్చునని ఒక ఐచ్ఛిక నియమం చేర్చారు. చావు నియమాన్ని మాత్రం తీసేయలేదు. నాలుగేళ్ల పాటు వేల బల్లల మీద నడిచిన ఆట నుంచి నేర్చుకున్నది ఇందులో కనబడుతుంది: శిక్ష రూపం మార్చవచ్చు, శిక్షే లేకుండా చేయకూడదు. చావో గాయమో ఏదో ఒక భయం లేకపోతే ప్రతి ఆటగాడూ ఏడు విడతలు కొలువు చేసి, అన్ని విద్యలూ వచ్చిన పెద్దమనిషిగా దిగుతాడు. ఆట మొదటి రోజే అయిపోతుంది. ఆడించి చూడటం అంటే తప్పులు ఏరడం ఒక్కటే అనుకుంటాం గానీ, ఈ నియమం ఆశను ఎటు మళ్లిస్తుందో కనిపెట్టడం అందులో పెద్ద పని.

ఇక బాకీ. 1981 ప్రతిలో ఫ్రీ ట్రేడర్ అనే రెండు వందల టన్నుల సరుకు ఓడ ఖరీదు 3,70,80,000 క్రెడిట్లు. ఐదో వంతు ముందు కట్టాలి. ఆపైన ఖరీదులో 240వ వంతు చొప్పున 480 నెలలు, అంటే నలభై ఏళ్లు. నెలకు 1,54,500. ఓడలో 82 టన్నుల సరుకు పడుతుంది, టన్నుకు కిరాయి వెయ్యి. ఒక నక్షత్రం నుంచి ఇంకో నక్షత్రానికి దూకడానికి వారం, రేవులో ఇంకో వారం, నెలకు రెండు ప్రయాణాలు. రెండుసార్లూ ఓడ నిండితే 1,64,000. కిస్తీ పోగా మిగిలేది 9,500. శుద్ధి చేసిన ఇంధనం నెలకు సుమారు యాభై టన్నులు, టన్ను 500 చొప్పున 25,000. నలుగురు సిబ్బంది గదులకు గాలీ తిండీ 16,000. పైలట్‌కు 6,000, ఇంజనీరుకు 4,000, స్టివార్డుకు 3,000, వైద్యుడికి 2,000, కలిపి జీతాలు 15,000. నిండు ఓడతోనే నెలకు 46,500 లోటు. ఏటా మరమ్మతు ఖర్చు ఇందులో కలపలేదు. గదికి పదివేలిచ్చే ప్రయాణికులు తగినంత మంది దొరికితేనే ఒడ్డున పడేది. వాళ్లు దొరకడం పాచికల చేతిలో, ఆ లోకపు జనాభా చేతిలో ఉంది. వెయ్యి మాత్రమే ఇచ్చుకోగల పేదవాణ్ని చల్లని పెట్టెలో గడ్డకట్టించి తీసుకెళ్తారు. దించేచోట అతని ప్రాణానికీ ఒక పాచిక ఉంటుంది. ఈ చల్లని పెట్టెల ప్రయాణం ఇ.సి. టబ్ రాసిన డుమారెస్ట్ నవలల నుంచి వచ్చింది. గెలాక్సీలో వర్గభేదం ఎలా ఉంటుందో ఆ ఒక్క టికెట్టు ధర చెబుతుంది.

‘ఇది ఆటా, గుమాస్తా పనా?’ అనే ఆక్షేపణ బలమైనదే. సాయంత్రం పూట సరదాకు చేరి కూడికలు తీసివేతలు చేయమంటే ఎవరు వస్తారు? అసలు ఓడ లేకుండానే ఆడిన బృందాలూ ఎన్నో ఉన్నాయి. కానీ లెక్క కోసం లెక్క పెట్టలేదు. ఆ లోటు 46,500 అని తేలిన క్షణంలో బల్ల దగ్గర మాటల తీరే మారుతుంది. శుద్ధి చేయని ఇంధనం టన్ను వందకే వస్తుంది, నెలకు 20,000 మిగులు, కాకపోతే ఇంజను మొరాయించే ప్రమాదం. తీసుకుందామా? సరుకేమిటో అడగొద్దన్న పెద్దమనిషి రెట్టింపు కిరాయి ఇస్తానంటున్నాడు. ఒప్పుకుందామా? కథను రిఫరీ తలకెత్తుకోనక్కర్లేదు; కిస్తీ తేదీ దగ్గరపడుతుంటే కథ దానంతటదే వస్తుంది. ఓడ లేనివాళ్లకు కూడా పని ఇచ్చేవాడు కావాలి. 1980లో ఆ సంస్థ వేసిన ఒక అనుబంధం పేరే ‘76 పేట్రన్స్’, పని పురమాయించే డెబ్బై ఆరు మంది జాబితా. ‘స్టార్ వార్స్’లో హాన్ సోలో కూడా అప్పులవాడే. అతను బాకీపడింది ఒక ముఠా నాయకుడికి. ట్రావెలర్‌లో బాకీ బ్యాంకుకు. ముఠాను కాల్చి చంపొచ్చు.

మరో విమర్శ: ఇది భవిష్యత్తు కాదు, 1970ల నాటి అమెరికన్ మధ్యతరగతి గృహరుణాన్ని ఆకాశంలోకి ఎక్కించారు అని. టన్నుల్లో కొలవాల్సిన ఓడ కంప్యూటర్లు చూస్తే నవ్వు రాక మానదు. అక్కడ వాళ్ల జోస్యం తప్పింది, ఒప్పుకోవాలి. మిల్లర్ సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. విడతలు, పింఛను, దిగేటప్పుడు చేతికొచ్చే సొమ్ము అనే చూపు అక్కడిదే కావచ్చు. అయితే ఈ అప్పును నమ్మదగినదిగా చేసిన నియమం ఒకటుంది, దానికీ అమెరికన్ పేటలకూ సంబంధం లేదు. ఓడ కన్నా వేగంగా ఏ కబురూ పోదు. రేడియో కిరణానికి నక్షత్రాల మధ్య ఏళ్లు పడుతుంది. దూకే ఓడకు వారం. అంటే ఎగవేతదారు వెళ్లినచోటికి అతని అపకీర్తి వారాల తర్వాత గానీ చేరదు. తెరచాప ఓడల కాలం మళ్లీ వచ్చినట్టే. ఓడ ఎత్తుకుపోయేవాణ్ని వెంటాడి స్వాధీనం చేసుకునే ప్రయత్నాలకూ పుస్తకంలో చోటుంది.

శుద్ధి చేయని ఇంధనంతో దూకినప్పుడు పాచిక తిరగబడిందనుకోండి. అప్పుడు ఒక పాచిక వేస్తారు, ఎంత పడితే అన్ని పాచికలు మళ్లీ వేస్తారు, ఆ మొత్తమే ఓడ దారితప్పిన దూరం. దిక్కు కూడా పాచికే చెబుతుంది. ఒక పార్సెక్కు (నక్షత్రాల మధ్య దూరపు కొలత) మించి దూకలేని ఓడ ఒక్కోసారి ముప్ఫై ఆరు పార్సెక్కుల అవతల తేలుతుంది, ఇంధనం తొట్టె అడుగంటి, చుట్టూ పేరు తెలియని నక్షత్రాలతో. రిఫరీ పటం తీసి కొత్త కాగితం పరుస్తాడు. ఆ పక్కనే పెన్సిలుతో రాసుకున్న నెల ఖర్చుల చీటీ అలాగే ఉంటుంది, ఒకటో తేదీకి 1,54,500.