ఒంటిరంగు అంగడి: గృహలక్ష్మి నుంచి సెల్‌ఫోన్ దాకా

కావలి వాడల్లో మా ఆడపిల్లల చేతికి సెల్‌ఫోను వచ్చింది. తెరిస్తే పత్రిక అట్టలాంటి బొమ్మ ఒకటి కనబడుతుంది. పైన పత్రిక పేరులాంటి పేరు, మధ్యలో తెల్లటి మొహం, పక్కన కథనాల శీర్షికలు, కింద ఎక్కడో సరుకు పేరు. అది పత్రిక కాదు. కొలాజెన్ పొడి, బయోటిన్ బిళ్ళ, గ్లూటాథయోన్ మాత్ర అమ్ముకునే ప్రకటన. దానికి పత్రిక వేషం ఎందుకంటే, అచ్చులో వచ్చిందంటే నిజమే అయ్యుంటుందని మన జనానికి ఇంకా నమ్మకం ఉంది గనక.

ఈ వేషం నిన్నామొన్నటిది కాదు. తెలుగులో మందుల వ్యాపారం, పత్రిక ఒకే ఇంట పెరిగాయి. 1893లో అమృతాంజనం పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావే 1908లో బొంబాయి నుంచి ఆంధ్రపత్రిక తెచ్చారు. ఆడవాళ్ళ మందు 'లోధ్ర' అమ్మిన కేసరి కుటీరం అధిపతి డాక్టర్ కె.ఎన్. కేసరి 1928లో మద్రాసు నుంచి గృహలక్ష్మి మాసపత్రిక నడిపారు. ఆ పత్రికలు స్త్రీల చదువుకు మేలు చేశాయి, కాదనం. అయితే గృహలక్ష్మి అంటే ఎవరు? పొద్దున్నే కూలికి పోయే మాల మాదిగ ఆడది గృహలక్ష్మి ఎట్టా అవుతుంది? ఆమె పాఠకురాలూ కాదు, బొమ్మా కాదు.

మరి మా బొమ్మ ఎక్కడుంది? సర్కారు పుస్తకాల్లో ఉంది. ఎడ్గార్ థర్‌స్టన్ మా జనాల ముక్కులు, తలలు కొలిచి 1909లో ఏడు సంపుటాలు వేశాడు. 1911 నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల అన్నదమ్ముల్ని ఇదే కావలిలో సెటిల్మెంటులో పెట్టారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు దాన్ని నడిపారు. ఆ చట్టం దేశమంతటా 1952లో గానీ పూర్తిగా పోలేదు. ఒకళ్ళ మొహం అందానికి అచ్చయింది, ఇంకొకళ్ళ మొహం అనుమానానికి అచ్చయింది.

1975లో ఫెయిర్ అండ్ లవ్లీ వచ్చింది. నల్లగా ఉంటే ఉద్యోగం రాదు, పెళ్ళి కాదు అని ఇంటింటికీ చెప్పింది. నల్లరంగును తక్కువచేసి చూపించొద్దని 2014లో ప్రకటనల ప్రమాణాల మండలి నియమం పెట్టుకుంది. 2020లో ఆ క్రీము పేరు గ్లో అండ్ లవ్లీ అయింది. 'తెలుపు' పోయి 'మెరుపు' వచ్చింది, అంతే. ఇప్పుడు ఆ మెరుపు కడుపులోకి మింగమంటున్నారు. ఇట్టాంటి పోషక పదార్థాలు మందుగా వాడేవి కావని డబ్బా మీద రాయాలని 2016 ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. డబ్బా మీది ఆ మాటకు ఫోనులోని అట్టబొమ్మ మీద చోటు దొరకదు.

ఇంకో మాట. కొలాజెన్ దేన్నుంచి తీస్తారు? పశువుల తోళ్ళు, ఎముకలు, చేపల చర్మం, పొలుసుల నుంచి. చచ్చిన గొడ్డు తోలు ఒలిచినందుకు మాదిగను ఊరి బయట పెట్టారు. చేపల వాసనంటూ పల్లెకారుల్ని ఈసడించుకున్నారు. అదే తోలు, అదే పొలుసు పొడై, గాజు సీసాలోకెక్కి, వాసన లేని పేరు పెట్టుకుంటే అందమైపోయింది! పైగా తిన్న కొలాజెన్ నేరుగా పోయి చర్మానికి అతుక్కోదు. ఏ మాంసకృత్తయినా కడుపులో ముక్కలు కావాల్సిందే. మన రాష్ట్రంలో సగం మందికి పైగా ఆడవాళ్ళకు రక్తం చాలడంలేదు. వాళ్ళకు కావాల్సింది ఇనుము, గుడ్డు, పప్పు, ఆకుకూర. కూలి డబ్బులు అటు పోవాలా, ఈ సీసాకు పోవాలా?

కావలికి దగ్గర్లోనే దూబగుంట ఉంది. 1990ల మొదట్లో అక్కడి ఆడవాళ్ళు అక్షరాలు నేర్చుకుని, సీతమ్మ కథ చదువుకుని, సారా అంగళ్ళు మూయించారు. ఎండకు నల్లబడ్డ ఆ మొహాల్ని పత్రికలు అచ్చేశాయి. తెల్లబడమని వాళ్ళనెవరూ అడగలేదు.

ఈ అట్టబొమ్మలు తయారుచేసే వాళ్ళలో మన పిల్లలూ ఉన్నారు. పొట్టకూటి పని, తప్పుపట్టం. కాకపోతే ప్రకటనను ప్రకటన అని పెద్దక్షరాల్లో రాయమని, 'ముందు', 'తర్వాత' ఫోటోల్లో రంగు మార్చమంటే కుదరదని చెప్పగలిగే బలం వాళ్ళకు మనమే ఇవ్వాలి. ఉపాధ్యాయ మిత్రులు ఇట్టాంటి బొమ్మ ఒకటి తరగతిలో పెట్టి, ఇందులో ఎవరున్నారు, ఎవరు లేరు అని పిల్లల్ని అడగాలి. మా పని అక్కడ మొదలవుతుంది.