గుడి లేని తోట

అంబాజీపేట సెంటర్లో టీకొట్టు అప్పుడే తెరిచారు. కార్తీకమాసం, మంగళవారం, టైము ఆరుంపావు. పక్క బల్ల మీద పనసాకుల బుట్టల్లో పొట్టిక్కలు పొగలు కక్కుతున్నాయి.

"ఎక్కడికండీ ఇంత పొద్దున్నే?" అన్నాడు కొట్టాయన గ్లాసు అందిస్తూ.

మొసలపల్లి, జగ్గన్నతోటకి అని చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"ఇప్పుడేముంటుందండీ అక్కడ? కనుమకి రావాలి గానీ."

"ఏమీ లేనప్పుడు చూద్దామని."

"ఆయ్," అన్నాడు. ఆ ఆయ్‌లో మర్యాద ఎంతుందో, నా బుర్ర మీద అనుమానమూ అంతే ఉంది.

రోడ్డెక్కితే అంతా మంచు. బండి లైటు నాలుగు బారలు పోయి ఆగిపోతోంది. పక్కన కాలువ ఉన్నట్టు కంటికి తెలీదు, మోకాళ్ళకు తగిలే చలికి తెలుస్తోంది. కోత అయిన చేలో పనలు తడిసి పచ్చిగడ్డి వాసన కొడుతున్నాయి. కోయని చేలు ఇంకా వాలిపోయి నిద్రలో ఉన్నాయి. గట్ల మీది కొబ్బరి చెట్లకు మొదళ్ళు కనపడటం లేదు. తలలు మాత్రం మంచు పైన తేలుతున్నాయి, ఎవరో ఆకాశంలోనే నాటి వెళ్ళినట్టు.

మన్యం వైపు నుంచి వచ్చిన మిత్రుడొకడు ఓసారి అడిగాడు, మీ కోనసీమలో అడవి ఎక్కడుంది అని. లేదు. సముద్రం గట్టున సరుగుడు తోపులున్నాయి, గౌతమి సముద్రంలో కలిసే వైపు మడచెట్లున్నాయి. మిగతాదంతా ఎవరో ఒకరు నాటిందే. గౌతమికీ వశిష్ఠకీ నడుమ, వైనతేయ మధ్యలో చీల్చుకుపోయే ఈ ఒండ్రునేలలో చెట్టంటే ఆస్తి. దానికో యజమాని, ఓ వరస, దింపుకో లెక్క. కార్తీక వనభోజనాలకు కూడా మేం వనం వెతుక్కోం. తెలిసినవాళ్ళ తోటలో ఉసిరిచెట్టు చూసుకుని పొయ్యి పెట్టేస్తాం. ఉసిరిచెట్టు లేకపోతే ఓ కొమ్మ తెచ్చి పాతేస్తాం, దేవుడు సర్దుకుంటాడు.

బండి ఓ చెట్టు కింద ఆపి లోపలికి నడిచాను.

మొదట చెవులకు ఏమీ తెలియలేదు. కాసేపు నిలబడ్డాక వినిపించింది: టప్... టప్. వాన కాదు. మంచు ఆకుల ఈనెల చివరికి జారి, బొట్టుగా కట్టి, కిందపడుతోంది. ఒక్కో చెట్టుదీ ఒక్కో వేళ. ఎండిన మట్ట మీద పడితే గట్టిగా, గడ్డి మీద పడితే లేనట్టుగా, నా మెడ మీద పడితే జివ్వున. ఎక్కడో వడ్రంగిపిట్ట మొద్దును నాలుగు దెబ్బలు కొట్టి ఆపింది. జెముడుకాకి గొంతు లోపల్నుంచి మూలిగింది. చుట్టుపక్కల తోటల్లో అరటి, కంద, పసుపు, కోకో ఒకదాన్నొకటి తోసుకుంటూ కాలు పెట్టే చోటు లేకుండా ఉంటాయి. ఇక్కడ నేల తెరిపిగా ఉంది. చెట్ల మధ్య చూపు చాలా దూరం పోయి, చివర తెల్లగా కరిగిపోతోంది.

గుడి లేదు. ధ్వజస్తంభం లేదు. కార్తీకంలో ఈ చుట్టుపక్కల శివాలయం అన్నదల్లా దీపాలతో, తడిబట్టలతో, క్యూలతో కిటకిటలాడుతుంటే, పదకొండుమంది రుద్రులు కలుసుకునే చోట నేనూ ఓ ఉడతా తప్ప ఎవరూ లేం.

కనుమ నాడు ఇక్కడికే వస్తారు వాళ్ళు. వ్యాఘ్రేశ్వరం, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, పుల్లేటికుర్రు, పాలగుమ్మి, కె.పెదపూడి, ఆతిథ్యమిచ్చే మొసలపల్లి. వెదురుతో, రంగుబట్టలతో, వరికంకులతో, గంటలతో కట్టిన ప్రభల మీద స్వాముల్ని భుజాలకెత్తుకుని చేలకడ్డంపడి మోసుకొస్తారు. తొక్కిన చేను గురించి రైతు నోరెత్తడు, స్వామి తన చేలోంచి పోయాడని సంబరపడతాడు. నీళ్ళు పారబోస్తే తగువులు పడే ఊళ్ళే ఇవి, ఆ ఒక్కరోజు అలా. వ్యాఘ్రేశ్వరుడి ప్రభ వచ్చేసరికి మిగతా ప్రభల్ని ఓసారి పైకెత్తి గౌరవిస్తారు, పెద్దాయన వస్తే అరుగు మీంచి లేచినట్టు. నాలుగు వందల ఏళ్ళుగా సాగుతోందని ఇక్కడ చెబుతారు. 2023 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో మన రాష్ట్రం పెట్టిన శకటం ఈ ప్రభల తీర్థమే. నేను టీవీలో చూశాను. అంతా బాగానే ఉంది గానీ, ఆ ప్రభకు కింద బురద లేదు.

మంచు కాస్త పలచబడ్డాక ఓ చెట్టు నన్ను ఆపేసింది. మొదలు నిటారుగా లేచి, మనిషెత్తున పడమటికి వాలిపోయి, అక్కడ మోచేయిలా వంగి మళ్ళీ ఆకాశంలోకి పోయింది. కొబ్బరిచెట్టు ఏడాదికి డజను ఆకుల దాకా రాలుస్తుంది, పోయే ప్రతి ఆకూ బోదె మీద ఓ గీత పెట్టి పోతుంది. వంపు దగ్గర్నుంచి పైకి గీతలు లెక్కపెట్టి దాని ఏడాది తేల్చేద్దామని మొదలుపెట్టాను. ముప్ఫై దాటేసరికి కళ్ళు బైర్లు కమ్మాయి.

"తొంభైయ్యారుదండి అది."

వెనక్కి తిరిగితే దింపు మనిషి. నడుముకు కత్తి, భుజాన తాడు బంధం. వెనక ఇంకో ఇద్దరు. పక్క తోటలో దింపుకి పోతూ నన్ను చూసి ఆగినట్టున్నారు.

"తుపానప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళండి. పొద్దున లేచి చూస్తే ఊరు కనపడిందండి."

అర్థం కాలేదు. ఊరు కనపడటమేంటి?

"అదేనండి. ఎప్పుడూ చెట్లడ్డం కదా. మా వీధిలోంచి పక్కూరి గుడి కనపడిందండి, ఆయ్."

1996 నవంబరు 6 రాత్రి గురించి నేను చాలా విన్నాను, చదివాను. కూలిన చెట్లు, పోయిన ప్రాణాలు, రోజుల తరబడి కరెంటు లేని ఊళ్ళు. కానీ ఇన్నేళ్ళలో ఇంత బాగా ఎవరూ చెప్పలేదు.

"ఇక్కడ నుంచోకండి, మట్ట పడుద్ది," అన్నాడు రెండోవాడు, నన్ను చెయ్యి పట్టి పక్కకు లాగుతూ.

"కాయ పడదా?"

"కాయకి కళ్ళున్నాయి కదండీ. చూసి పడుద్ది. మట్టకే లేవు."

ముగ్గురూ నవ్వారు. ముక్కంటి కాయ ముక్కంటి దేవుడి కిందే పడదని ధీమా కాబోలు. నేను మాత్రం పక్కకే జరిగాను.

ముగ్గురిలో పెద్దాయన కిందపడిన ఓ ఆకు తిరగేసి చూపించాడు. అడుగున తెల్లటి బూజు, సున్నంతో చుట్టలు చుట్టి ముగ్గేసినట్టు. పైవైపు మసి. తెల్లదోమ. 2016లో తమిళనాడు, కేరళల్లో కనపడి, ఆ తర్వాత మన తోటల్లోకి దిగింది. ఆకుల రసం పీల్చి తేనెలాంటి జిగురు కారుస్తుంది, ఆ జిగురు మీద నల్లబూజు పడుతుంది. పైన కొబ్బరికి పట్టిందంటే కింద అరటీ నల్లబడుతుంది. అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధన స్థానం వాళ్ళు దీన్ని మట్టుపెట్టే శిలీంధ్రాన్ని పెంచి రైతులకు ఇస్తున్నారు. మందు కొడితే పోదా అని అడిగాను. "యాభై అడుగుల ఎత్తుకి ఏం కొడతామండీ," అన్నాడు పెద్దాయన, "కొడితే మంచి పురుగులూ పోతాయి." పరిశోధన స్థానం వాళ్ళు చెప్పేదీ అదే.

వాళ్ళు పనికి పోయారు. నేను గంగలకుర్రు వైపు నడిచాను, ఎగువ కౌశిక చూద్దామని. కాగితాల్లో అది మురుగుకాలువ, జనం నోట కౌశికీ నది. గంగలకుర్రు, అగ్రహారం ప్రభలు దాటాల్సింది దీన్నే. ఇప్పుడు నీటి మీద ఆవిరి లేస్తోంది. గుర్రపుడెక్క ఓ పక్కకు చేరి ఊదాపూలు పూసింది. గట్టు మీంచి వంగిన చెట్టుకు గిజిగాళ్ళ పాత గూళ్ళు ఖాళీగా ఊగుతున్నాయి. లకుముకి పిట్ట మునిగి లేచి, చేపపిల్లను మట్టకేసి కొట్టింది.

రేవులో దిగి కాలు పెట్టాను. అడుగున మెత్తటి బురద మడమ దాకా మింగి వదల్లేదు. రెండో కాలు పెట్టకుండానే బ్యాలెన్సు తప్పింది. నా ఒక్క శరీరం మోసుకుని నాలుగడుగులు వేయలేకపోయాను. ఇందులో, చలిలో, పీకల్లోతు నీళ్ళలో, ఒరగకుండా, అంతెత్తు ప్రభ! శరభ శరభ అని అరుస్తూ దాటతారు. అరవకపోతే భయం బయటపడుతుందేమో.

గట్టున ఓ ముసలమ్మ గేదెను కడుగుతోంది. "దాటతావా బాబూ?" అంది. లేదమ్మా అన్నాను. "మరి దిగడమెందుకూ," అంది గేదెతో అన్నట్టుగా.

తిరిగొచ్చేసరికి ఎండ తోటలోకి దిగింది. ఆకుల చాళ్ళలోంచి సన్నటి గీతలుగా పడి, నేల మీద జంపఖానా పరిచినట్టుంది. బొట్ల చప్పుడు ఆగిపోయింది. ఆ చోటులోకి పక్క తోట నుంచి వేరే చప్పుడు వచ్చింది: ధబ్. ఆగి, ధబ్, ధబ్. దింపు మొదలైంది. ఒక్కో గెల పడ్డప్పుడు నేల అరికాళ్ళకు తెలుస్తోంది. కింద ఉన్నవాళ్ళు కాయలు ఏరి రాశి పోస్తున్నారు. ఇక ఇవి వలుపు దగ్గరకి పోతాయి, నేలలో పాతిన ఇనుపమొన మీద డొక్క ఊడదీయించుకుని వేల లెక్కన లారీ ఎక్కుతాయి. ఇంతసేపూ నేను నిశ్శబ్దం అనుకున్నది, పని ఇంకా మొదలవకపోవడం.

బండి దగ్గరికొచ్చి సీటు మీద చెయ్యి వేశాను. జిగురు. ట్యాంకు మీద, అద్దాల మీద, వదిలేసిన హెల్మెట్ మీద సన్నటి తుంపరగా అంటుకుంది. తలెత్తి చూస్తే ఆ చెట్టు ఆకుల అడుగంతా తెల్లటి చుట్టలే. పొద్దున మంచులో చూసుకోకుండా సరిగ్గా దాని కిందే పెట్టాను.

పక్క తోటలో చెట్టు మొవ్వులోంచి కేక వినపడింది:

"తుడుచుకుని ఎక్కండీ! ఆయ్!"