సెయింట్ ఫ్రాన్సిస్ అంటే ఏ ఫ్రాన్సిస్? విశాఖ నుంచి బిలాస్‌పూర్ దాకా ఒక పునీతుడి పేరు

బిలాస్‌పూర్: దేశంలోని ఏ రైల్వే పట్టణంలోనైనా పాఠశాలల పేర్లు చదువుతూ పోతే క్రైస్తవ పునీతుల జాబితా ఒకటి తయారవుతుంది. ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రమైన బిలాస్‌పూర్ ఇందుకు మినహాయింపు కాదు. సెయింట్ ఫ్రాన్సిస్, సెయింట్ జేవియర్స్, సెయింట్ జోసెఫ్ పేర్లు ఇక్కడి తల్లిదండ్రుల నోట నిత్యం వినిపించేవే. రైల్వే ఉద్యోగాల కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చి తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఇవి ఇంటి పేర్లంత పరిచితం. విశాఖపట్నం, నాగ్‌పూర్, హైదరాబాద్ ఎక్కడికి బదిలీ అయినా అవే పేర్లు మళ్లీ ఎదురవుతాయి.

అయితే ఒకే పేరు కనిపించిన ప్రతిచోటా ఒకే వ్యక్తి ఉండడు. జోసెఫ్ విషయంలో చిక్కు తక్కువ; ఏసుక్రీస్తు పెంపుడు తండ్రి అయిన వడ్రంగి జోసెఫే సాధారణంగా ఆ పేరుకు ఆధారం. చిక్కంతా ఫ్రాన్సిస్‌తోనే. కథోలిక సంప్రదాయంలో ఆ పేరుతో సుప్రసిద్ధులైన పునీతులు ముగ్గురు. ఇటలీలోని అస్సీసి పట్టణానికి చెందిన ఫ్రాన్సిస్ మొదటివాడు. 1226లో మరణించాడు, పండుగ అక్టోబర్ 4. రెండో ఆయన స్పెయిన్‌లో పుట్టి 1542లో గోవా చేరిన జెస్విట్ గురువు ఫ్రాన్సిస్ జేవియర్. పండుగ డిసెంబర్ 3. మూడో ఆయన సవాయ్ ప్రాంతానికి చెందిన ఫ్రాన్సిస్ డి సేల్స్. పండుగ జనవరి 24. ఏప్రిల్ 2న పండుగ జరిగే పావొలా ఫ్రాన్సిస్ కూడా ఉన్నాడు గానీ మన ప్రాంతంలో ఆయన పేరు వినిపించేది తక్కువ.

ఈ ముగ్గురిలో సామాన్య పాఠకులకు అంతగా తెలియనివాడు మూడో ఫ్రాన్సిస్. విచిత్రమేమంటే, మధ్య భారతంలోని ఈ రైలు మార్గం వెంట కథోలిక సంస్థల చరిత్రతో అత్యంత సన్నిహిత సంబంధం ఉన్నది ఆయన పేరుకే. ఆ పేరు ఇటు వచ్చిన దారి ముంబయి నుంచి కాదు, కోల్‌కతా నుంచి కాదు, విశాఖపట్నం నుంచి.

కరపత్రాల పునీతుడు

ఫ్రాన్సిస్ డి సేల్స్ 1567 ఆగస్టు 21న సవాయ్‌లోని తొరాన్ గ్రామం వద్ద సాల్ కోటలో జన్మించాడు. ‘డి సేల్స్’ అంటే ఆ సాల్ కోటకు చెందినవాడని అర్థం. ఆంగ్లంలో అమ్మకాలను సూచించే మాటకూ దీనికీ సంబంధం లేదు. ఫ్రెంచి ఉచ్చారణలో అది ‘సాల్’ మాత్రమే. భారతీయ పాఠశాలల బోర్డులు ఆంగ్ల అక్షరక్రమాన్ని పలికించడం వల్ల ‘సేల్స్’గా స్థిరపడింది. ఆయనకు ఫ్రాన్సిస్ అని నామకరణం చేసింది అస్సీసి ఫ్రాన్సిస్ స్మృతిగానే. అంటే ఒక పునీతుడి పేరు పెట్టుకున్న శిశువు తానే పునీతుడై, తన పేరును మరికొన్ని వందల సంస్థలకు ఇచ్చాడన్నమాట.

పారిస్‌లోనూ, పదువాలోనూ చదివి, న్యాయశాస్త్రంలో పట్టా పొంది, తండ్రి ఆశించిన ఉద్యోగాన్ని కాదని గురువు అయ్యాడు. 1594లో జెనీవా సరస్సు దక్షిణ తీరంలోని షబ్లే ప్రాంతానికి వెళ్లాడు. అక్కడి ప్రజలు అప్పటికే కాల్విన్ బోధలను అనుసరిస్తున్నారు. ప్రసంగాలు వినడానికి జనం రాకపోవడంతో ఆయన చెప్పదలచినది కాగితాలపై రాసి, ప్రతులు తీయించి, ఇళ్ల తలుపుల కిందుగా జారవిడిచేవాడు; గోడలకు అతికించేవాడు. కొన్నేళ్లలో ఆ ప్రాంతంలో అధిక సంఖ్యాకులు తిరిగి కథోలికులయ్యారు. ఆ మార్పులో సవాయ్ డ్యూకు అధికార బలానికి పాత్ర లేదని చెప్పలేం. అయినా కత్తికి బదులు కాగితాన్ని నమ్ముకున్న గురువుగా ఫ్రాన్సిస్ పేరు నిలిచింది. 1923లో పదకొండో పయస్ పోపు ఆయనను రచయితలకూ పాత్రికేయులకూ పాలక పునీతుడిగా ప్రకటించడానికి ఆ కరపత్రాలే ప్రధాన కారణం.

1602లో ఆయన జెనీవా పీఠాధిపతి అయ్యాడు. జెనీవా నగరం కాల్వినిస్టుల చేతుల్లో ఉండటంతో ఆన్సీ పట్టణంలో నివసించి అక్కడి నుంచే మేత్రాసనాన్ని నడిపాడు. మార్టిన్ అనే బధిర యువకుడికి సైగల ద్వారా మతబోధ చేశాడన్న ప్రసిద్ధి వల్ల బధిరులకూ ఆయనే పాలక పునీతుడయ్యాడు. 1609లో వెలువడిన ఆయన గ్రంథం ‘భక్తిమయ జీవితానికి పరిచయం’ సన్యాసులను కాక సంసారులను ఉద్దేశించి రాసినది. సైనికుడు, చేతిపనివాడు, గృహిణి తమ తమ పనులు మానుకోకుండానే పవిత్ర జీవనం సాగించవచ్చన్నది దాని సారం. ఆ రోజుల్లో అది కొత్త మాట. 1610లో జేన్ ద షాంటాల్‌తో కలిసి విజిటేషన్ మఠాన్ని స్థాపించాడు. 1622 డిసెంబర్ 28న లియోన్‌లో కన్నుమూశాడు. ఫ్రాన్సిస్ జేవియర్‌ను రోము పునీతుడిగా ప్రకటించింది కూడా అదే 1622లో. డి సేల్స్‌కు ఆ గౌరవం 1665లో, తిరుసభ పండితుడనే బిరుదు 1877లో దక్కాయి.

ఆన్సీ నుంచి విశాఖకు

ఆయన మరణించిన రెండు శతాబ్దాల తరువాత, 1838లో, పీటర్ మెర్మియె అనే గురువు అదే ఆన్సీలో ‘మిషనరీస్ ఆఫ్ సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్’ సభను నెలకొల్పాడు. వీరినే ఫ్రాన్సేలియన్లు అంటారు. రోము ఈ సభకు అప్పగించిన తొలి విదేశీ క్షేత్రం విశాఖపట్నం. 1845లో పుదుచ్చేరి చేరిన వారి మొదటి బృందం 1846 ఫిబ్రవరిలో విశాఖలో అడుగుపెట్టింది. వీరిని ఫ్రెంచి మిషనరీలని పిలవడం అలవాటే గానీ, సవాయ్ ఫ్రాన్సులో కలిసింది 1860లో. అప్పటికి వారు సార్డీనియా రాజ్య ప్రజలు. 1847లో విశాఖలో సెయింట్ అలోషియస్ పాఠశాల మొదలైంది. 1849లో ఆన్సీ నుంచే సెయింట్ జోసెఫ్ మఠకన్యలు వచ్చారు. ఉత్తరాంధ్రలో బాలికల విద్యకు సంబంధించి ఆ రాక చిన్న సంఘటన కాదు. అదొక ప్రత్యేక చరిత్ర.

ఆనాటి విశాఖ మిషన్ విస్తీర్ణం నేటి పాఠకుడికి ఆశ్చర్యం కలిగిస్తుంది. సముద్ర తీరం నుంచి అడవులు, కనుమలు దాటి నాగ్‌పూర్ దాకా అదంతా ఒకే పాలన కింద ఉండేది. నాగ్‌పూర్ సమీపంలోని కాంప్టీ కంటోన్మెంటులో మద్రాసు సైన్యం ఉండేది. అందులోని కథోలిక సైనికులకు మతసేవలు అందించాల్సిన అవసరం విశాఖ గురువులను అంత దూరం నడిపించింది. 1861లో మధ్య పరగణాలు ఏర్పడినప్పుడు వాటిలో భాగమైన బిలాస్‌పూర్ జిల్లా కూడా మతపాలన రీత్యా ఇదే విశాల క్షేత్రంలోనిది. 1870లో నాగ్‌పూర్‌లో సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ ఉన్నత పాఠశాల వెలిసింది.

1886లో విశాఖపట్నం మేత్రాసనమైంది. మరుసటి ఏడాదే, 1887లో, నాగ్‌పూర్‌ను దాని నుంచి వేరుచేసి కొత్త మేత్రాసనంగా ఏర్పరిచారు. మొదటి పీఠాధిపతి అలెక్సిస్ రికాజ్ ఫ్రాన్సేలియన్ సభ్యుడే. అక్కడి కెథడ్రల్ సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ పేరిటే ఉంది. 1956లో అదే పేరుతో కళాశాల ప్రారంభమైంది. నాగ్‌పూర్ పౌరులు దానిని ‘ఎస్ఎఫ్ఎస్’ అనే అంటారు. పూర్తి పేరు అడిగితే ఒక క్షణం ఆగి చెప్పేవారే ఎక్కువ.

అదే సంవత్సరం, అదే దారి

నాగ్‌పూర్ మేత్రాసనం ఏర్పడిన 1887లోనే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ కూడా ఏర్పాటైంది. కాకతాళీయమే అయినా ఈ ప్రాంత చరిత్రకు ఉపయోగపడే జ్ఞాపక చిహ్నం. ఛత్తీస్‌గఢ్ మైదానంలో అప్పటికే ఉన్న మీటర్ గేజ్ మార్గాన్ని ఆ కంపెనీ బ్రాడ్ గేజ్‌గా మార్చి, 1891 నాటికి బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ దాకా పొడిగించింది. కట్నీ వైపు వెళ్లే శాఖ కూడా ఇక్కడి నుంచే చీలడంతో బిలాస్‌పూర్ జంక్షన్ అయింది. 1902లో ఉత్తర తీరపు రైలు మార్గం కూడా ఈ కంపెనీ చేతికి వచ్చింది. దాంతో వాల్తేరు, బిలాస్‌పూర్ ఒకే యజమాని కిందికి చేరాయి. 1931లో విజయనగరం, రాయ్‌పూర్ మధ్య మార్గం పూర్తవడంతో తూర్పు కనుమల గుండా నేరుగా రాకపోకలు మొదలయ్యాయి. ఆగ్నేయ రైల్వే కాలంలోనూ రెండు డివిజన్లూ ఒకే గూటిలో ఉన్నాయి. 2003 ఏప్రిల్‌లో వాల్తేరు తూర్పు కోస్తా రైల్వేకూ, బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకూ వెళ్లాయి. ఇంచుమించు నూరేళ్లపాటు ఒకే సంస్థలో ఉన్న ఈ రెండు కేంద్రాల మధ్య బదిలీలు, బంధుత్వాలు పెనవేసుకోవడం సహజం. నేటికీ కోర్బా–విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ బిలాస్‌పూర్ మీదుగానే నడుస్తుంది.

మతపాలనలో మాత్రం బిలాస్‌పూర్ చిరునామా మారుతూ వచ్చింది. 1964లో రాయ్‌పూర్ కేంద్రంగా ప్రత్యేక పాలన ఏర్పడింది. అది 1973లో మేత్రాసనంగా, 2004లో అగ్రపీఠంగా ఎదిగింది. బిలాస్‌పూర్ ఇప్పుడు దాని పరిధిలోనిదే. రాయ్‌పూర్‌లోని కథోలిక కెథడ్రల్ సెయింట్ జోసెఫ్ పేరుతోనూ, ఉత్తర భారత సంఘం కెథడ్రల్ సెయింట్ పాల్ పేరుతోనూ ఉన్నాయి.

క్రైస్తవ సంస్థలన్నింటికీ పునీతుల పేర్లే ఉంటాయనుకోవడం కూడా పొరపాటు. బిలాస్‌పూర్‌కు 1885లో వచ్చిన అమెరికన్ డిసైపుల్స్ ఆఫ్ క్రైస్ట్ మిషన్‌కు పునీతులను ప్రకటించే సంప్రదాయం లేదు. అందుకే వారి సంస్థలకు బర్జెస్ స్మారక పాఠశాల, జాక్‌మన్ స్మారక ఆసుపత్రి వంటి పేర్లు వచ్చాయి. అవి సేవకుల పేర్లు, పునీతుల పేర్లు కావు. కాబట్టి ఈ నగరంలో ఒక పాత క్రైస్తవ సంస్థ పేరు ముందు ‘సెయింట్’ ఉందా, వెనుక ‘మెమోరియల్’ ఉందా అన్నది దాని మూలాన్ని చాలావరకు చెప్పేస్తుంది. పూజ్యుల పేరు పెట్టుకోవడం క్రైస్తవులకే పరిమితమూ కాదు. స్థానిక విశ్వాసం ప్రకారం ఈ నగరానికే బిలాసా అనే మత్స్యకార మహిళ పేరు వచ్చింది. విమానాశ్రయానికీ ఆమె పేరే పెట్టారు. ఇక్కడి కేంద్రీయ విశ్వవిద్యాలయం సత్‌నామీ గురువు ఘాసీదాస్ పేరిట ఉంది. హిందీలో ఆయన వంటివారిని ‘సంత్’ అంటారు. ఆ మాట సంస్కృతం నుంచి వచ్చింది. లాటిన్ మూలమున్న ‘సెయింట్’తో దానికి ధ్వనిలోనే పోలిక.

తెలుగులో ఈ పేర్లు

తెలుగు కథోలికులు బోర్డుల మీద ‘సెయింట్’ అని రాసినా ప్రార్థనలో ‘పునీత’ అంటారు. పాత పుస్తకాల్లో ‘అర్చ్యశిష్ట’ కనిపిస్తుంది. పేర్లు సైతం తెలుగు రూపం దాల్చాయి. పేతురు రాయప్పగా, పౌలు చిన్నప్పగా, జోసెఫ్ జోజప్పగా, ఇగ్నేషియస్ ఇన్నాసప్పగా ఇళ్లలోకి వచ్చారు. జేవియర్ శౌరి అయ్యాడు. బాలశౌరి, శౌరయ్య, శౌరమ్మ అనే పేర్ల వెనుక ఉన్నది ఆయనే. డి సేల్స్‌కు మాత్రం ఇలాంటి ఇంటి పేరు దక్కలేదు. ఉత్తరాంధ్రకు గురువులను పంపిన సభ ఆయన పేరు మోసినా, ఆ పేరు సంస్థల బోర్డుల మీదనే ఉండిపోయింది. విశాఖ సీతమ్మధారలోని పాఠశాల కూడా జనం నోట ‘ఎస్ఎఫ్ఎస్’ మాత్రమే.

మరో చోట ఆయన పేరు పూర్తిగా దాగి ఉంది. 1859లో ఇటలీలోని ట్యూరిన్‌లో జాన్ బాస్కో తన సభను ఫ్రాన్సిస్ డి సేల్స్‌కే అంకితం చేశాడు. ‘సలేషియన్’ అన్న మాట అక్కడిదే. 1906లో తంజావూరు వచ్చిన సలేషియన్ల సంస్థలు నేడు ‘డాన్ బాస్కో’ పేరుతో ప్రసిద్ధం. విజయవాడ రైల్వే స్టేషన్‌లో దిక్కులేక తిరిగే పిల్లల కోసం 1989 నుంచి పనిచేస్తున్న నవజీవన్ బాలభవన్ కూడా సలేషియన్లదే. అమెరికాలో పెన్సిల్వేనియాలోని ఒక కళాశాల విశ్వవిద్యాలయ స్థాయికి ఎదిగి 2001లో ‘డిసేల్స్ విశ్వవిద్యాలయం’గా పేరు మార్చుకుంది, అక్కడ రాలిపోయింది ‘సెయింట్ ఫ్రాన్సిస్’ భాగం. తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉన్న శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతం మాత్రం ఈ ఫ్రాన్సిస్‌ది కాదు. అది 1776లో అస్సీసి ఫ్రాన్సిస్ పేరిట స్పెయిన్ మిషనరీలు నెలకొల్పిన కేంద్రం.

పేరు మారే స్వేచ్ఛలోనూ తేడా ఉంది. కథోలిక చర్చి చట్టం 1218వ నిబంధన ప్రకారం ప్రతి దేవాలయానికీ తనదైన బిరుదనామం ఉండాలి. ప్రతిష్ఠ జరిగాక దానిని మార్చకూడదు. పాఠశాలకూ, కళాశాలకూ ఆ కట్టుబాటు లేదు. అందుకే ఒకే ఆవరణలో దేవాలయం పూర్తి పేరుతో ఉంటే, పక్కనే ఉన్న పాఠశాల మూడు అక్షరాలకు కుదించుకుపోతుంది. ‘సెయింట్ ఫ్రాన్సిస్’ అని మాత్రమే రాసి ఉన్న సంస్థ ఎవరి పేరిటదో తెలుసుకోవడానికి రెండు ఆనవాళ్లు ఉన్నాయి. ఒకటి, దానిని నడిపే సభ: కాపుచిన్లు, ఇతర ఫ్రాన్సిస్కన్లు అయితే అస్సీసి ఫ్రాన్సిస్, జెస్విట్లు అయితే జేవియర్, ఫ్రాన్సేలియన్లు అయితే డి సేల్స్ అయ్యే అవకాశం ఎక్కువ. రెండోది, పాఠశాల పాలక పునీతుడి పండుగ జరిపే తేదీ. పాత దినదర్శినుల్లో డి సేల్స్ పండుగ జనవరి 29న కనిపిస్తుంది. రెండో వాటికన్ మహాసభ తరువాతి సంస్కరణలో అది జనవరి 24కు మారింది. ప్రపంచ ప్రసార మాధ్యమ దినోత్సవానికి పోపు ఇచ్చే సందేశం ఏటా వెలువడేది కూడా ఆ రోజునే.